పాత అంబాసిడర్‌కు కొత్త గుండె: ఇంటి పెరట్లో ఇంజిన్ మార్చే ముందు తెలుసుకోవలసినవి

బైలదిల్లా కొండల పాదాల వద్ద ఉన్న బచేలి, కిరందుల్ పట్టణాలలో తెలుగు మాట కొత్తది కాదు. దంతెవాడ జిల్లాలోని ఈ కొండలలో జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ 1968లో ఇనుప ఖనిజం తవ్వకం ప్రారంభించింది. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. తవ్విన ఖనిజం కొత్తవలస–కిరందుల్ రైలుమార్గం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. ఆ దారి వెంటే ఉద్యోగాలకు తరలివచ్చిన తెలుగు కుటుంబాలు అనేకం ఇక్కడ స్థిరపడ్డాయి.

అటువంటి ఒక ఇంటి వసారాలో 1974 నాటి అంబాసిడర్ ఉన్నదనుకుందాం. తండ్రి కొన్న కారు. బాడీ గట్టిగానే ఉంది, సీట్లు బాగున్నాయి. ఇంజిన్ మాత్రం పొగ విడుస్తోంది, చిన్న ఎత్తు ఎక్కాలన్నా ఆయాసపడుతోంది. ఎక్కడో పాత సామాన్ల దుకాణంలో కాంటెస్సా కారు ఇంజిన్ దొరుకుతుందని ఎవరో చెప్పారు. దానిని తెచ్చి ఇంటి వద్దనే బిగిస్తే కారు మళ్లీ పరుగెత్తదా అన్నది కొడుకు ప్రశ్న.

పరుగెత్తుతుంది. అయితే ఇంజిన్ మార్పిడిలో ఇంజిన్ బిగించడం చిన్న భాగం మాత్రమే. దాని చుట్టూ ఉన్న గేరుబాక్సు, రేడియేటర్, బ్రేకులు, వైర్లు, చివరకు రిజిస్ట్రేషన్ పత్రం కూడా ఆ మార్పుకు ఒప్పుకోవాలి. వాటిలో ఏ ఒక్కటి ఒప్పుకోకపోయినా, ప్రేమతో చేసిన పని కారును రోడ్డుకు దూరం చేస్తుంది.

కార్ఖానాలోనే జరిగిన మార్పిడులు

పాత బాడీకి వేరే ఇంజిన్ అమర్చడం భారతదేశపు కార్ల చరిత్రలో కొత్త విషయమేమీ కాదు. బ్రిటన్‌కు చెందిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు ఆధారంగా అంబాసిడర్ రూపొందింది. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా కార్ఖానాలో 1950ల చివరి నుంచి 2014 మే వరకు తయారైంది. ఈ సుదీర్ఘ కాలంలో దాని ఆకారం పెద్దగా మారలేదు. ఇంజిన్ మాత్రం పలుమార్లు మారింది.

మొదట పక్క వాల్వుల 1476 సీసీ పెట్రోలు ఇంజిన్ ఉండేది. కొద్దికాలానికే దాని స్థానంలో వాల్వులు పైభాగాన ఉండే 1489 సీసీ బీఎంసీ ఇంజిన్ వచ్చింది. 1980 ప్రాంతంలో అదే పరిమాణంలో డీజిల్ ఇంజిన్ వచ్చి, దేశంలో డీజిల్ కారుకు నాంది పలికింది. 1990లలో జపాన్‌కు చెందిన ఇసుజు సంస్థ రూపొందించిన 1.8 లీటర్ల పెట్రోలు ఇంజిన్, ఆ తర్వాత 2 లీటర్ల డీజిల్ ఇంజిన్ వచ్చి చేరాయి.

అదే సంస్థ తయారుచేసిన కాంటెస్సాదీ ఇదే కథ. 1980లలో మొదట అంబాసిడర్ నాటి 1489 సీసీ ఇంజిన్‌తోనే ఆ కారు వచ్చింది. పెద్ద బాడీకి ఆ శక్తి చాలలేదు. తర్వాత ఇసుజు 1.8 లీటర్ల ఇంజిన్ అమర్చారు. ప్రీమియర్ 118 ఎన్‌ఈ కారులో బాడీ ఫియట్ వంశానిది, ఇంజిన్ నిస్సాన్ వంశానిది. మహీంద్రా జీపులు కూడా విల్లీస్ పెట్రోలు ఇంజిన్ నుంచి ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో రూపొందించిన డీజిల్ ఇంజిన్ వైపు నడిచాయి.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఇసుజు ఇంజిన్ అమర్చినప్పుడు కార్ఖానా ఇంజిన్ ఒక్కదానినే మార్చలేదు. స్టీరింగ్ పక్కన ఉండే నాలుగు గేర్ల మీట స్థానంలో నేల మీద నుంచి లేచే ఐదు గేర్ల మీట వచ్చింది. తరువాతి మోడళ్లలో ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వచ్చాయి. మార్చిన కారును పరీక్షించి, ప్రభుత్వ అనుమతి పొందిన తర్వాతనే అమ్మకానికి పెట్టారు. ఇంట్లో ఆ పని చేయాలనుకునేవారు ఈ మూడు బాధ్యతలనూ తామే మోయవలసి ఉంటుంది.

ముందు రోగం తెలియాలి

పాత ఇంజిన్‌ను దించేముందు దానికి నిజంగా ఆయువు తీరిందో లేదో చూడాలి. స్పార్క్ ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండర్‌లో కంప్రెషన్ కొలిచే పరీక్షకు ఎక్కువ సమయం పట్టదు. నాలుగు సిలిండర్ల కొలతల మధ్య తేడా పది శాతానికి మించితే లోపల అరుగుదల ఉన్నదని అనుమానించాలి. కొలత తక్కువ వచ్చిన సిలిండర్‌లో కొద్దిగా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. అప్పుడు కొలత పెరిగితే పిస్టన్ రింగులు అరిగినట్లు. పెరగకపోతే వాల్వులలో గాని, హెడ్ గాస్కెట్‌లో గాని లోపం ఉన్నట్లు.

ఇంజిన్ వేడెక్కడానికి మూసుకుపోయిన రేడియేటర్ కారణం కావచ్చు. శక్తి తగ్గడానికి కార్బ్యురేటర్ గాని, తప్పిన ఇగ్నిషన్ టైమింగ్ గాని కారణం కావచ్చు. ఇంధనం మారడం కూడా ఒక కారణమే. దేశంలో 2000 సంవత్సరం నుంచి సీసం కలిపిన పెట్రోలు అమ్మకం నిలిచిపోయింది. సీసం పాత ఇంజిన్లలో వాల్వు సీట్లకు రక్షణ పొరలా పనిచేసేది. ఇప్పుడు పెట్రోలులో ఇరవై శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు, కార్బ్యురేటర్‌లోని రబ్బరు వాషర్లు దానికి త్వరగా దెబ్బతింటాయి. గట్టిపరచిన వాల్వు సీట్లు, ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలు వేయిస్తే చాలావరకు ఈ ఇబ్బంది తీరుతుంది. వీటిలో దేనికీ వేరే ఇంజిన్ అవసరం లేదు.

కొలతలు కుదరడం

అయినా మార్పిడి తప్పదనుకుంటే మొదటి పని కొలత. కొత్త ఇంజిన్ పొడవు, ఎత్తు, వెడల్పు చూడాలి. బానెట్ మూతకు తగలకూడదు. అడుగున ఆయిల్ చాంబర్ ముందు ఇరుసు వైపున్న అడ్డ దూలానికి, స్టీరింగ్ కడ్డీలకు ఆనకూడదు. ఇంజిన్‌ను మోసే మౌంట్ల స్థానాలు మారతాయి. అక్కడ కొత్త బ్రాకెట్లు తయారుచేసి వెల్డింగ్ చేయించాలి. ఆ వెల్డింగ్ మీద ఇంజిన్ బరువు మాత్రమే కాదు, గేరు వేసి వదిలిన ప్రతిసారీ ఇంజిన్ మెలితిరిగే బలం కూడా పడుతుంది. బలహీనమైన అతుకు ఏదో ఒక ఘాట్ రోడ్డులో తెగుతుంది.

తర్వాతి ప్రశ్న గేరుబాక్సు. పాత గేరుబాక్సునే ఉంచి కొత్త ఇంజిన్‌ను దానికి కలపాలంటే రెండింటి మధ్య ఒక అడాప్టర్ పలక కావాలి. ఇంజిన్ క్రాంక్ షాఫ్ట్ మధ్య గీత, గేరుబాక్సు షాఫ్ట్ మధ్య గీత ఒకే వరుసలో ఉండాలి. ఇక్కడ అనుమతించదగిన తేడా మిల్లీమీటరులో పదోవంతు ప్రాంతంలో ఉంటుంది. లేత్ యంత్రం మీద జాగ్రత్తగా చేయవలసిన పని ఇది. వరుస తప్పితే క్లచ్ ప్లేటు, బేరింగులు త్వరలోనే పాడైపోతాయి.

ఇంజిన్‌తోపాటు దాని సొంత గేరుబాక్సునే తెచ్చుకుంటే ఈ చిక్కు తప్పుతుంది గాని, మరొకటి ఎదురవుతుంది. గేరు మీట కోసం కారు నేలను కోయాలి. గేరుబాక్సు పొడవు మారినందువల్ల వెనుక ఇరుసు దాకా వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను పొడిగించడమో కురచ చేయడమో జరగాలి. ఆ షాఫ్ట్‌కు రెండు చివరలా ఉండే క్రాస్ జాయింట్ల కోణాలు సమానంగా ఉండాలి. కోసి అతికిన షాఫ్ట్‌ను యంత్రం మీద బ్యాలెన్స్ చేయించాలి. లేకపోతే వేగం పెరిగినప్పుడు కారంతా వణుకుతుంది. క్లచ్ పెడల్ అమరిక, స్పీడోమీటర్ కేబుల్, సైలెన్సర్ గొట్టం, యాక్సిలరేటర్ తీగ కూడా ఒక్కొక్కటిగా మార్చుకోవలసినవే.

వేడి, ఇంధనం, విద్యుత్తు

ఎక్కువ శక్తినిచ్చే ఇంజిన్ ఎక్కువ వేడిని పుట్టిస్తుంది. 1489 సీసీ ఇంజిన్‌కు సరిపోయిన రేడియేటర్ 1.8 లీటర్ల ఇంజిన్‌కు సరిపోకపోవచ్చు. బస్తర్ వేసవిలో, ఘాట్ ఎక్కుతూ రెండో గేరులో నెమ్మదిగా సాగే కారుకు ఎదురుగాలి అందదు. అప్పుడు చల్లదనమంతా ఫ్యాను మీద, రేడియేటర్ పరిమాణం మీదనే ఆధారపడుతుంది.

డీజిల్ ఇంజిన్ అమర్చాలనుకుంటే బరువు మరో సమస్య. సాధారణంగా డీజిల్ ఇంజిన్ అదే పరిమాణంలోని పెట్రోలు ఇంజిన్ కంటే బరువైనది. అంబాసిడర్ ముందు భాగం టార్షన్ బార్ల మీద నిలుస్తుంది. అదనపు బరువుకు ముందు భాగం కిందికి వాలి, స్టీరింగ్ బరువెక్కుతుంది. ఇంధన ట్యాంకు, గొట్టాలు, ఫిల్టర్లు శుభ్రపరచి మార్చాలి. ఇంజెక్టర్లలో మిగిలే ఇంధనం ట్యాంకుకు తిరిగి వెళ్లడానికి మరో గొట్టం వేయాలి.

పాత కార్లలో విద్యుత్తును డైనమో పుట్టించేది. తరువాతి ఇంజిన్లకు ఆల్టర్నేటర్ ఉంటుంది. దాని కరెంటు ఎక్కువ. యాభై ఏళ్లనాటి వైర్ల మీద గుడ్డ, రబ్బరు తొడుగులు పెళుసుబారి ఉంటాయి. వాటి మీదనే ఆల్టర్నేటర్ భారం వేస్తే నిప్పు రాజుకునే ప్రమాదముంది. కాబట్టి ఇంజిన్‌తోపాటు తగిన మందం గల కొత్త వైర్లు, ప్రతి విభాగానికీ ఫ్యూజులు అవసరం.

పరుగు కంటే ఆగడం ముఖ్యం

దంతెవాడ నుంచి జగ్దల్‌పూర్, కొరాపుట్ మీదుగా ఆంధ్ర తీరానికి దిగాలంటే తూర్పు కనుమల ఘాట్‌లు దాటాలి. రాయపూర్ వైపు కేశ్‌కాల్ ఘాట్ ఉంది. ఈ దారులలో ఇంజిన్ శక్తి కారును ఎక్కిస్తుంది. దించవలసినవి బ్రేకులు.

కారు ఆగేటప్పుడు బ్రేకులు మింగవలసిన శక్తి వేగంతో సమానంగా కాక, వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగం నుంచి 80కి పెరిగితే వేగంలో తేడా మూడోవంతే. బ్రేకుల మీద పడే శక్తి మాత్రం దాదాపు 78 శాతం పెరుగుతుంది. 1974 నాటి అంబాసిడర్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. పొడవైన దిగుడులో అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. అందుచేత ఇంజిన్‌కు పెట్టే ఖర్చు లెక్కవేసేటప్పుడే బ్రేకులు, టైర్లు, స్టీరింగ్ జాయింట్లు, వెనుక కమాన్ పట్టీల ఖర్చు కూడా కలుపుకోవాలి. డబ్బు చాలకపోతే ముందు బ్రేకులు బాగుచేయించి, ఇంజిన్‌ను తర్వాతికి వాయిదా వేయడమే వివేకం.

పెరట్లో పనిచేసేటప్పుడు

ఇంటి వద్ద జరిగే ప్రమాదాలకు చాలావరకు తొందరపాటే మూలం. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ తీగలు విప్పాలి. పెట్రోలును మూత ఉన్న డబ్బాలోకి దించి దూరంగా పెట్టాలి. జాకీ కారును లేపడానికే గాని, లేపిన కారును మోయడానికి కాదు. కారు కిందికి దూరే ముందు చదునైన గట్టి నేల మీద స్టాండ్లు తప్పనిసరిగా పెట్టాలి. ఇటుకలు బరువుకు ఒక్కసారిగా పగిలిపోతాయి కాబట్టి వాటిని వాడకూడదు.

ఇంజిన్‌ను ఎత్తే చైన్ పుల్లీని ఇంటి రేకుల దూలానికో చెట్టు కొమ్మకో వేలాడదీయడం పల్లెల్లో కనిపించే అలవాటు. వంద కిలోలను మించిన ఇనుమును అవి మోయగలవన్న హామీ లేదు. అద్దెకు దొరికే ఇంజిన్ క్రేన్ గాని, లెక్క ప్రకారం నిలబెట్టిన ఇనుప చట్రం గాని వాడాలి. వేలాడుతున్న ఇంజిన్ కింద చేయి గాని కాలు గాని పెట్టకూడదు. మంటలార్పే సిలిండర్ అందుబాటులో ఉండాలి.

తీసిన పాత ఆయిల్‌ను, కూలెంట్‌ను నేల మీద పారబోయకూడదు. దంతెవాడ పట్టణం శంఖిని, డంకిని నదులు కలిసేచోట ఉంది. పెరట్లో పోసిన నూనె వానలకు వాగులో కలుస్తుంది. దానిని డబ్బాలో పట్టి, పాత ఆయిల్ సేకరించే అధీకృత వ్యాపారికి అప్పగించాలి.

చట్టం ఏమంటుంది?

ఇంజిన్ చక్కగా కుదిరి, బ్రేకులు బాగుపడి, కారు సాఫీగా నడిచినా, రోడ్డెక్కేముందు దాటవలసిన గడప ఇంకొకటి ఉంది. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నంగా రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు మారేలా వాహనాన్ని మార్చకూడదు. ఆ పత్రంలో ఇంజిన్ నంబరు, సిలిండర్ల సంఖ్య, సీసీ సామర్థ్యం, ఇంధనం వంటి వివరాలన్నీ ఉంటాయి. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ నిబంధననే స్పష్టపరిచింది. తయారీదారు నిర్దేశించిన మూల వివరాలకు భిన్నమైన మార్పు చెల్లదని తేల్చింది.

అదే ఏడాది వచ్చిన చట్ట సవరణ 182ఎ సెక్షన్‌ను తిరగరాసింది. అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని విధించే వీలు కల్పించింది.

అదే రకం ఇంజిన్‌తో మార్చుకోవడం వేరు. చెడిపోయిన 1489 సీసీ ఇంజిన్ స్థానంలో మరో 1489 సీసీ అంబాసిడర్ ఇంజిన్ వేసుకునేవారు రవాణా శాఖ అనుమతి తీసుకుని, కొత్త ఇంజిన్ నంబరును పత్రంలో నమోదు చేయించుకోవాలి. దానికి ఆ ఇంజిన్ కొన్న రసీదు, అది ఏ వాహనం నుంచి వచ్చిందో తెలిపే ఆధారం కావాలి. ఆధారం లేని ఇంజిన్ దొంగిలించిన వాహనానిది కాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

సొంత అవసరాలకు వాడే కారు రిజిస్ట్రేషన్ మొదట పదిహేనేళ్లు చెల్లుతుంది. ఆపై తనిఖీ చేసి ఐదేళ్ల చొప్పున పునరుద్ధరిస్తారు. ప్రతి తనిఖీలో ఇంజిన్, ఛాసిస్ నంబర్లను పత్రంతో పోల్చి చూస్తారు. 1974లో దంతెవాడ మధ్యప్రదేశ్‌లో భాగం. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. అప్పటి కారు పత్రాలు కాలానుగుణంగా పునరుద్ధరణ పొందాయో లేదో చూసుకోవడం స్పానర్ పట్టడానికి ముందే చేయవలసిన పని.

బీమా లెక్క

మూడవ పక్ష బీమా ప్రీమియం కారు సీసీని బట్టి మూడు తరగతులుగా ఉంటుంది: 1000 సీసీ వరకు, 1000 నుంచి 1500 వరకు, 1500 దాటినవి. 1489 సీసీ కారు మధ్య తరగతిలోకి వస్తుంది. 1.8 లీటర్ల ఇంజిన్ వేసిన మరుక్షణం అది పై తరగతికి చెందిన కారు అవుతుంది. పత్రంలో మాత్రం పాత తరగతే ఉంటుంది. ప్రమాదం జరిగినప్పుడు ఈ తేడా బయటపడితే సొంత నష్టపు పరిహారాన్ని బీమా సంస్థ తిరస్కరించవచ్చు. ఎదుటివారికి చెల్లించిన సొమ్మును యజమాని నుంచి రాబట్టుకునే వివాదమూ తలెత్తవచ్చు. వేల రూపాయల ఇంజిన్ కోసం లక్షల రూపాయల బాధ్యత నెత్తిన పడే సందర్భమిది.

యాభై ఏళ్ల కారుకు మరో నష్టం

కేంద్ర ప్రభుత్వం 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు ప్రకటించింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటి నుంచి యాభై ఏళ్లు దాటిన ద్విచక్ర, నాలుగు చక్రాల వాహనాలకు ఇవి వర్తిస్తాయి. వీటి నంబరులో రాష్ట్ర సంకేతం తర్వాత వీఏ అనే అక్షరాలు ఉంటాయి. కొత్త రిజిస్ట్రేషన్ రుసుము 20,000 రూపాయలు. ప్రదర్శనలకు, ర్యాలీలకు వాటిని నడపవచ్చు గాని, రోజువారీ ప్రయాణాలకు గాని వ్యాపారానికి గాని వాడకూడదు.

ఈ గుర్తింపుకు ముఖ్యమైన షరతు, వాహనం మూలరూపంలో ఉండటం. ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో చెప్పుకోదగిన మార్పు జరిగి ఉండకూడదు. అంటే 1974 నాటి అంబాసిడర్ ఇప్పుడు ఆ గౌరవానికి అర్హమైన వయసుకు చేరింది. కాంటెస్సా ఇంజిన్ బిగించిన రోజునే ఆ అర్హతకు దూరమవుతుంది.

బ్రిటన్‌లో ఈ విషయంలో కొంత వెసులుబాటు ఉంది. నలభై ఏళ్లు దాటిన వాహనాలకు 2018 నుంచి వార్షిక తనిఖీ మినహాయింపు ఇచ్చినప్పుడు, అదే మోడల్‌కు కార్ఖానా అమర్చిన ప్రత్యామ్నాయ ఇంజిన్‌ను పెద్ద మార్పుగా అక్కడ పరిగణించలేదు. భారత నిబంధనలలో అటువంటి వెసులుబాటును ఊహించుకుని పని ప్రారంభించకూడదు.

ఉన్న దారులు

చట్టానికి లోబడి, కారును రోడ్డు మీద ఉంచదలచినవారికి దారులు లేకపోలేదు. మొదటిది, ఉన్న ఇంజిన్‌నే బోరింగ్ చేయించి, కొత్త పిస్టన్లు వేయించి, క్రాంక్ షాఫ్ట్‌ను గ్రైండింగ్ చేయించడం. బీఎంసీ ఇంజిన్ నిర్మాణం సరళమైనది. ఇనుప బ్లాకు, ఇనుప హెడ్ గల ఆ ఇంజిన్‌ను అనుభవమున్న లేత్ షాపు పునరుద్ధరించగలదు. రెండవది, అదే రకం ఇంజిన్‌ను అనుమతితో వేసి, నంబరు నమోదు చేయించుకోవడం.

మూడవది, ఇంధనం మార్చుకోవడం. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ వంటి వాటితో నడిచేందుకు ఆమోదం పొందిన కిట్లు అమర్చడానికి 52వ సెక్షనే వీలు కల్పిస్తోంది. పుణెలోని ఏఆర్ఏఐ వంటి పరీక్షా సంస్థలు ఆమోదించిన కిట్టును, అధీకృత కేంద్రంలో అమర్చి, పత్రంలో నమోదు చేయించాలి. ఆ ఆమోదం తమ కారు మోడల్‌కు వర్తిస్తుందో లేదో ముందే రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఇది పెరట్లో చేసే పని కాదు.

వేరే ఇంజిన్ మీద మక్కువ తీరనివారు డబ్బు చెల్లించే ముందే, తయారీ సంవత్సరం, పాత ఇంజిన్ వివరం, కొత్త ఇంజిన్ వివరం రాసి జిల్లా రవాణా కార్యాలయాన్ని లిఖితపూర్వకంగా అడగడం మంచిది. వచ్చే సమాధానం కాదు అనే అయినా, ఇంజిన్ కొన్న తర్వాత తెలిసే కాదు కంటే అది చవకైనది.

తండ్రి నడిపిన కారు కొడుకు చేతిలో మళ్లీ కదలాలన్న కోరిక సహజమైనది. ఆ కారు కొత్తదానంత వేగంగా వెళ్లకపోవచ్చు. బాగుచేసిన పాత ఇంజిన్‌తో, గట్టి బ్రేకులతో, సరైన కాగితాలతో అది రెండో గేరులోనే ఘాట్ ఎక్కుతుంది, క్షేమంగా దిగుతుంది. దారిలో ఎవరు ఆపి అడిగినా పత్రం చూపి ముందుకు సాగుతుంది.